రాసిపెట్టినవారి మీద నిలబడ్డ యంత్రం

(నల్లజర్లలో చేసిన స్మారక ఉపన్యాస పాఠం)



పరిశోధనలో కృత్రిమ మేధను వాడవచ్చునా, కూడదా అన్న చర్చ దగ్గర నేను ఈ పూట ఆగదలచుకోలేదు. వాడుతున్నారు. గైడుకు తెలిసి కొందరు, తెలియకుండా కొందరు. థీసిస్‌కు పనికొచ్చే వ్యాసాలు వెతకడానికి, లెక్కలు కట్టడానికి, ఇంగ్లీషు దిద్దుకోవడానికి, చివరికి ఏ ప్రశ్న మీద పనిచెయ్యాలో అడగడానికి కూడా వాడుతున్నారు. ఎక్కడ దాన్ని నమ్మవచ్చు, ఎక్కడ నమ్మకూడదు, ఆ తేడా మనకెలా తెలుస్తుంది అన్నదే ఇక మాట్లాడుకోవలసింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ యంత్రానికి తెలిసిందంతా ఎవరో ఒకరు ఓపిగ్గా రాసిపెట్టిందే. రాసిపెట్టని చోట అది ఊహిస్తుంది. ఊహిస్తున్న సంగతి చాలాసార్లు మనకు చెప్పదు. ఏలూరు నుంచి కొవ్వూరు దాకా ఉన్న మన మెట్ట గురించి, దిగువనున్న కొల్లేటి గురించి రాసిపెట్టింది తక్కువ. అందువల్ల ఇక్కడ పరిశోధన చేసేవారికి యంత్రాన్ని వాడుకోవడం ఎంత పనో, దాని దగ్గర లేని రికార్డును తయారుచెయ్యడం అంతకంటే పెద్ద పని.

ఈ మాటకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం కృత్రిమ మేధ సాధించిన అతిపెద్ద విజయంలోనే ఉంది. 2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం డేవిడ్ బేకర్‌కు, మిగతా సగం డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు వచ్చింది. హస్సాబిస్, జంపర్‌ల బృందం తయారుచేసిన ఆల్ఫాఫోల్డ్, ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాలు ఏ వరసలో ఉన్నాయో చెబితే అది ఏ ఆకారంలో ముడుచుకుంటుందో చెప్పగలదు. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలను లెక్కకట్టి అందరికీ ఉచితంగా పెట్టారు. పత్రికలన్నీ యంత్రాన్ని మెచ్చుకున్నాయి. మెచ్చుకోవలసిందే. కానీ ఆ యంత్రం దేన్ని చదివి నేర్చుకుంది? 1971లో కేవలం ఏడు ఆకారాలతో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంకు అనే ఉమ్మడి ఖజానాను చదివి. అర్ధశతాబ్దం పాటు ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రజ్ఞులు ఎక్కువగా ఎక్స్‌రేలతో ఒక్కొక్క ప్రొటీన్‌నూ కొలిచి, కొలతలతో సహా అందులో దాచారు. ఆల్ఫాఫోల్డ్ వచ్చేనాటికి అక్కడ లక్షన్నరకు పైగా ఆకారాలున్నాయి. చాలావాటి వెనక ఎవరో ఒక విద్యార్థి ఏళ్ల తరబడి చేసిన పీహెచ్‌డీ ఉంది. వాళ్లలో ఎక్కువమంది పేర్లు మనం ఎప్పటికీ వినం. ఆ ఖజానా లేకపోతే ఆల్ఫాఫోల్డ్ లేదు.

అలాంటి ఖజానా మనకేది? కొల్లేటి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ ఆ ఖజానాలో సగం ఉంది, సగం లేదు.

కొల్లేటి కథ మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1999లో ఐదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు కొట్టేశారు. కాంటూరును ఐదు నుంచి మూడుకు తగ్గించాలన్న కోరిక తరువాత శాసనసభ దాకా వెళ్లింది. ఎక్కడ చెరువుంది, ఎక్కడ సరస్సుంది, ఎక్కడ వరి ఉంది అన్న ప్రశ్న అక్కడ భూగోళశాస్త్రం పరీక్షలో అడిగే ప్రశ్న కాదు. కొన్ని వేల కుటుంబాల కూడు దాని మీద ఆధారపడి ఉంది.

ఆకాశం నుంచి చూసిన రికార్డు మాత్రం మనకు బాగానే ఉంది. అమెరికా వారి లాండ్‌శాట్ 1972 నుంచి భూమిని ఫొటోలు తీస్తోంది. 2008లో ఆ ఫొటోలన్నీ ఉచితం చేశారు. మన ఐఆర్‌ఎస్ ఉపగ్రహాలు 1988 నుంచి ఉన్నాయి. 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రాన్ని విశ్లేషించి, సరస్సు విస్తీర్ణంలో నలభై శాతానికి పైగా చేపల చెరువులు ఆక్రమించాయని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. వానాకాలంలో మబ్బుల వల్ల మామూలు ఫొటో పనికిరాదు. ఆ లోటును రాడార్ ఉపగ్రహాలు తీరుస్తున్నాయి. ఐరోపా వారి సెంటినెల్-1 చిత్రాలు దశాబ్దం నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఇస్రో, నాసాలు కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం. ఇన్ని వేల చిత్రాలను మనిషి కూర్చుని చూడలేడు. యంత్రం చూడగలదు. ఏభై ఏళ్ల చిత్రాలను వరసగా పెట్టి ఏ గడిలో ఏ సంవత్సరం నీరు నిలిచింది, ఏ సంవత్సరం గట్టు లేచింది అని కొద్ది గంటల్లో పటం గీసిపెడుతుంది. ఈ పనికి దాన్ని వాడకపోవడమే తప్పని నేనంటాను.

చిక్కు ఆ తరువాత వస్తుంది. గుర్రపుడెక్క కమ్ముకున్న నీరు పైనుంచి పచ్చటి పొలంలా కనిపిస్తుంది. నాట్లకు దమ్ముచేసి నీరు పెట్టిన వరిచేను చెరువులా కనిపిస్తుంది. కిక్కిస పెరిగిన చోటు నేలా, నీరా అన్నది పక్కన నిలబడ్డవారికే ఒక్కోసారి తేలదు. యంత్రానికి వీటి తేడా నేర్పాలంటే ఎవరైనా ఆ ఫొటో తీసిన రోజుల్లో ఆ చోటికి వెళ్లి, పడవలోనో గట్టు మీదో నిలబడి, ఇది ఫలానా అని అక్షాంశ రేఖాంశాలతో సహా రాసుకుని ఉండాలి. ఉపగ్రహ చిత్రాలు లక్షల్లో ఉన్నాయి. ఇలా రాసుకున్న గుర్తులు మాత్రం ఏ థీసిస్‌కు ఆ థీసిస్ కొన్ని పదులో కొన్ని వందలో చేయించుకుంటుంది. డిగ్రీ వచ్చాక అవి ఆ విద్యార్థి కంప్యూటర్లోనే ఉండిపోతాయి. తరువాతి విద్యార్థి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు.

విద్యార్థులకు ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే వైవాలో దీన్ని అడిగేవారు తక్కువ. పటానికి తొంభై అయిదు శాతం ఖచ్చితత్వం వచ్చిందని రాస్తారు. ఆ తొంభై అయిదు ఎక్కడ లెక్కకట్టారు? యంత్రానికి నేర్పిన గుర్తులూ, దాన్ని పరీక్షించిన గుర్తులూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటే, అది పరీక్ష ముందు ప్రశ్నపత్రం చూపించడమే. కైకలూరు వైపు నేర్పి, ఏలూరు వైపు పరీక్షించండి. ఒక సంవత్సరం నేర్పి, మరో సంవత్సరం పరీక్షించండి. అంకె పడిపోతుంది. పడిపోయిన అంకెనే థీసిస్‌లో రాయండి. ఆ పటం రేపు ఏ కమిటీ ముందుకైనా వెళ్లవచ్చు. అందులో తప్పుగా రంగు పడిన ఒక్కొక్క గడి కింద ఎవరిదో ఒక చెరువు ఉంటుంది, లేదా ఎవరో వల వేసుకునే నీరు ఉంటుంది.

పక్షుల సంగతి కూడా ఇలాంటిదే. కె.కె. నీలకంఠన్ అనే ఇంగ్లీషు అధ్యాపకుడు 1946లో కొల్లేటి ప్రాంతంలో, మన ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడులో గూడబాతులు వందలకొద్దీ గూళ్లు కట్టుకున్న చోటును చూసి శాస్త్రలోకానికి తెలియజేశారు. ఆయన కేరళవాసి, తరువాత మలయాళంలో పక్షుల మీద ప్రసిద్ధ గ్రంథం రాశారు. ఆ గూళ్లను ఊళ్లో చిన్నపిల్లలతో సహా అందరూ ఎరుగుదురు. కానీ శాస్త్రానికి సంబంధించినంతవరకు అవి 1946లో పుట్టాయి. ఆ తరువాత సుమారు మూడు దశాబ్దాల్లో ఆ గూళ్లు అక్కడినుంచి మాయమయ్యాయి. ఒక మనిషి చూసి రాసిపెట్టకపోయి ఉంటే, పోయిందన్న సంగతి కూడా మనకు తెలిసేది కాదు. ఇవాళ కూత వినిపిస్తే పక్షి పేరు చెప్పే యాప్‌లున్నాయి. మంచివి, వాడండి. అవి నేర్చుకున్నదీ నీలకంఠన్ లాంటివారు దాచిన నోట్సు నుంచీ, రికార్డింగుల నుంచే.

ఇక మెట్ట మీదికి వద్దాం. ఈ సభలో పామాయిల్, కొబ్బరి, కోకో, పొగాకు రైతులు ఎంతోమంది ఉన్నారు. ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్‌లు మీ ఫోన్లలోకి వచ్చేశాయి. పరిశోధక విద్యార్థులు కూడా ఇదే అంశం మీద ఎక్కువగా పడుతున్నారు, ఎందుకంటే ఫొటోలు దొరుకుతాయి, ప్రోగ్రాము దొరుకుతుంది, వ్యాసం త్వరగా అవుతుంది. ఈ రంగంలో పునాది అనదగ్గ అధ్యయనం 2016లో వచ్చింది. ప్లాంట్‌విలేజ్ అనే సేకరణలోని 54 వేలకు పైగా ఆకుల ఫొటోలతో యంత్రానికి నేర్పారు. అదే సేకరణలోంచి పక్కన పెట్టిన ఫొటోలతో పరీక్షిస్తే 99 శాతానికి పైగా సరిగ్గా చెప్పింది. ఆ అంకెను లోకమంతా ఎత్తిరాసింది. అదే వ్యాసంలో రచయితలు నిజాయితీగా మరో అంకె కూడా రాశారు. వేరే చోట్ల, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపిస్తే ఖచ్చితత్వం 31 శాతానికి పడిపోయింది. దీన్ని ఎత్తిరాసినవాళ్లు తక్కువ.

ఎందుకు పడిపోయింది? సేకరణలోని ఫొటోలు, ఆకును కోసి, ఒకే రంగు నేపథ్యం మీద పరిచి తీసినవి. తోటలో ఆకు మీద ఎండ పొడ ఉంటుంది, దుమ్ముంటుంది, పక్క ఆకు నీడ ఉంటుంది, రెండు తెగుళ్లు ఒకేసారి ఉంటాయి. ఇంకో సంగతి. ఆ సేకరణలో ఉన్నవి 14 పంటలు: ఆపిల్, ద్రాక్ష, బంగాళాదుంప, టమాటా, మొక్కజొన్న వంటివి. వరి లేదు. కొబ్బరి లేదు. పామాయిల్ లేదు, కోకో లేదు. దాని మీద నేర్చుకున్న ప్రోగ్రామును కొద్దిగా మార్చి మన తోటల మీద వేసి 98 శాతం వచ్చిందని రాసేవారిని నేనడిగేది ఒక్కటే: మీ ఫొటోలు ఎవరి తోటలో, ఏ నెలలో తీశారు, అది ఫలానా తెగులేనని ప్రయోగశాలలో ఎవరు తేల్చారు?

అడగడానికి కారణముంది. తేల్చగలిగినవారు మనకు కూతవేటు దూరంలోనే ఉన్నారు. పెదవేగిలో 1995లో మొదలైన ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రం ఇవాళ జాతీయ సంస్థ. 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం వెంకటరామన్నగూడెంలో ఉంది. ప్రోగ్రాములు రాయగల పిల్లలున్న నిట్ తాడేపల్లిగూడెంలోనే ఉంది. దేశంలో పామాయిల్ ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే, అందులోనూ ఈ గోదావరి మెట్టలో. ఇన్ని ఒక్కచోట ఉన్న ప్రాంతం తన ఆకులను తానే ఫొటో తీసుకుని, నిపుణుల చేత తేల్పించుకుని, ఉమ్మడిగా దాచుకోకపోతే, మన తెగుళ్ల గురించి ఎక్కడో ఆపిల్ తోటలో నేర్చుకున్న యంత్రాన్ని అడుగుతూ కూర్చోవలసిందే.

పాత వ్యాసాలు వెతకడం గురించి కొంత చెప్పాలి. పరిశోధకుడు రోజూ చేసే పని ఇది. యంత్రం ఎక్కువగా తోడ్పడేదీ, ఎక్కువగా ముంచేదీ ఇక్కడే.

తోడ్పాటు సంగతి ముందు. 1986లో, ఇప్పటి ఏఐలేవీ పుట్టకముందు, షికాగో విశ్వవిద్యాలయంలో గ్రంథాలయశాస్త్రం చెప్పే డాన్ స్వాన్సన్ ఒక గొప్ప పని చేశారు. చేపనూనె రక్తం మీద ఏం చేస్తుందో రాసిన వ్యాసాలు ఒక వైపు ఉన్నాయి. చలికి వేళ్లు తెల్లబడి మొద్దుబారే రేనాడ్స్ వ్యాధి గురించిన వ్యాసాలు మరో వైపు ఉన్నాయి. ఒక వర్గం వారు మరో వర్గాన్ని ఎప్పుడూ ఉదహరించలేదు. స్వాన్సన్ రెండూ చదివి, చేపనూనె ఈ వ్యాధికి పనికిరావచ్చని ఊహించారు. మూడేళ్లకు జరిగిన వైద్య పరీక్షలో కొంతమంది రోగులకు మేలు కనిపించింది. ఒక్క ప్రయోగమూ చెయ్యకుండా, అచ్చయి ఉన్న కాగితాల మధ్య సంబంధం పట్టుకోవడం వల్ల వచ్చిన జ్ఞానం అది.

మన దగ్గర అలాంటి విడివిడి కుప్పలు ఎన్ని లేవు! 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ వరద గురించి నగర ప్రణాళిక వారు రాస్తున్నారు. బుడమేరు నీరు చివరికి చేరేది కొల్లేటికే. కొల్లేటి పూడిక గురించి పర్యావరణం వారు రాస్తారు. కొల్లేటి నుంచి సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరే. దాని మేటల గురించీ, వంతెనల గురించీ ఇంజనీర్లు రాశారు, 1960ల నాటి మిత్రా కమిటీ నివేదిక నుంచీ రాస్తూనే ఉన్నారు. విజయవాడ, కొల్లేరు, ఉప్పుటేరు మూడూ ఒకే నీటిదారిలో ఉన్నా, వాటి మీద రాసినవారు ఒకరినొకరు చదివినట్టు కనబడదు. ఈ మూడు కుప్పలనూ యంత్రం ముందు పోసి, ఏ సంవత్సరం ఏ మట్టంలో నీరుంటే ఎక్కడ వెనక్కు తన్నిందో ఒక వరసలో పెట్టమనండి. నెలల పని రోజుల్లో అవుతుంది. ప్రతి అంకెకూ అది చూపించిన పేజీ తెరిచి సరిచూసుకోవడం మాత్రం మీ వంతు.

ముంచడం సంగతి ఇప్పుడు. 2022 నవంబర్‌లో మెటా సంస్థ గలాక్టికా అనే ఏఐని శాస్త్రజ్ఞుల కోసమే విడుదల చేసింది. దానికి 4.8 కోట్ల శాస్త్ర వ్యాసాలు, పాఠ్యపుస్తకాలు, నోట్సులు చదివించారు. మూడు రోజుల్లో వెనక్కు తీసుకోవలసి వచ్చింది, లేని విషయాలను శాస్త్రీయ శైలిలో గంభీరంగా రాస్తోందని. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను కోర్టులో ఉదహరించారు. ఆ తీర్పులు ఏ కోర్టూ ఇచ్చినవి కావు. 5,000 డాలర్ల జరిమానా పడింది. అప్పటికంటే ఇప్పటి యంత్రాలు మెరుగు. నిజమైన వ్యాసాలను వెతికి, లింకుతో సహా ఇచ్చేవి ఉన్నాయి. అయినా కల్పించిన రిఫరెన్సు రావడం ఆగలేదు. అది వచ్చినప్పుడు రచయిత పేరు నిజంగానే ఉంటుంది, జర్నల్ నిజంగానే ఉంటుంది, సంపుటి సంఖ్య కూడా నమ్మదగినట్టే ఉంటుంది. వ్యాసం ఒక్కటే ఉండదు. మన ప్రాంతపు అంశాల మీద ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే నిజంగా ఉన్న వ్యాసాలు తక్కువ, అడిగినవాడిని ఖాళీ చేతులతో పంపడం ఈ యంత్రానికి అలవాటు లేదు.

చిన్న కాలేజీల విద్యార్థుల ఇబ్బంది నాకు తెలుసు. వ్యాసం పూర్తి పాఠం దొరక్క, పైన ఉండే సారాంశం చదివి సరిపెట్టుకుంటారు. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఒకే దేశం ఒకే చందా పథకాన్ని ఆమోదించింది. 2025 జనవరి నుంచి దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మంచి పని. ప్రైవేటు కాలేజీల్లో చదివే మన పిల్లలు మాత్రం ఆ గడప బయటే ఉన్నారు. వాళ్లకు తాడేపల్లిగూడెంలోనో వెంకటరామన్నగూడెంలోనో లైబ్రరీలో కూర్చుని చదువుకునే వీలు కల్పించమని అక్కడి పెద్దలను ఈ సభాముఖంగా కోరుతున్నాను. పూర్తి వ్యాసం చదవకుండా ఉదహరించడం ఏఐ రాకముందూ తప్పే. ఇప్పుడు అది ప్రమాదం కూడా.

ఎవరి స్మారకంగా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారి గురించి ఇంతవరకు చెప్పలేదు. ఆయన బడి వదిలాక ఎరువుల ధరలు, ఎర్రకాలువకు నీళ్లొచ్చిన రోజులు, అన్నిటికంటే ముఖ్యంగా రోజువారీ వాన, పుస్తకాల్లో రాసిపెట్టేవారని ఇక్కడున్న పెద్దలందరికీ తెలుసు. పొద్దున్నే ఎనిమిదిన్నరకు కొలిచేవారు. భారత వాతావరణ శాఖ 1901 నాటి నుంచీ ఉన్న దేశమంతటి రోజువారీ వాన లెక్కను గడుల రూపంలో ఇస్తోంది. ఒక్కొక్క గడి వెడల్పు పాతిక కిలోమీటర్లకు పైనే. మెట్టలో వాన ఆ గడిని చూసి కురవదు. నల్లజర్లలో కుండపోత, అనంతపల్లిలో ఎండ కాసిన రోజులు మీరందరూ చూసినవే. అందుకే ఆ పుస్తకాల విలువ ఇంతని చెప్పలేం.

ఆ పేజీల్లో కొన్నిటిని ఫొటో తీసి యంత్రం చేత చదివించి చూశాను. తెలుగు చేతిరాతను అది చదివిన తీరు చూసి సంతోషం కలిగింది. అయిదేళ్ల కిందట ఇది ఊహకందని పని. కానీ పట్టికను పరిశీలిస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. పాత పుస్తకాలు అంగుళాల్లో ఉన్నాయి, తరువాతివి మిల్లీమీటర్లలో. అంగుళాల పేజీలో 1.20 అని ఉంటే అది ముప్పై మిల్లీమీటర్ల మంచి వాన. యంత్రం దాన్ని 1.20 మిల్లీమీటర్లుగా రాసుకుంటే వాన కాస్తా చినుకైపోతుంది. రెండోది ఇంతకంటే గంభీరమైనది. మాస్టారు వాన పడని రోజు సున్నా చుట్టేవారు. ఊళ్లో లేని రోజు, ఒంట్లో బాగోలేని రోజు గడి ఖాళీగా వదిలేసేవారు. యంత్రం ఆ ఖాళీలను కూడా సున్నాలతో నింపింది. సున్నా అంటే వాన పడలేదని. ఖాళీ అంటే తెలియదని. ఆ రెంటినీ కలిపేస్తే, కొలవని తుపాను రోజు పొడి రోజుగా మారిపోతుంది. ముప్పై ఏళ్ల సగటు తీసేసరికి ఈ మెట్టలో వానలు తగ్గాయని ఎవరో ఒక వ్యాసం రాస్తారు. దాన్ని చదివి మరో యంత్రం నేర్చుకుంటుంది.

అతిశయోక్తి అనుకోకండి. శాస్త్ర వ్యాసాల్లో వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ అనే పద్ధతి పేరు ఈ మధ్య పదుల సంఖ్యలో కనబడింది. అలాంటి పద్ధతి లేదు. 1950ల నాటి ఒక వ్యాసాన్ని స్కాన్ చేసినప్పుడు పక్కపక్క కాలమ్‌లలోని పదాలు అతుక్కుని ఆ పేరు పుట్టింది. అనువాదాల్లోని పొరపాటూ తోడయింది. అక్కడినుంచి ఏఐలు నేర్చుకుని తిరిగి మనకు అప్పజెబుతున్నాయి. స్కాన్ చేసినరోజు ఒక మనిషి సరిచూసి ఉంటే అక్కడితో పోయేది. మన పాత తెలుగు పత్రికలన్నీ కాలమ్‌లలో అచ్చయినవే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధకు 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్ రెడ్డిగారు, పది లక్షల పుస్తకాలను డిజిటల్ చేసే ఉద్యమాన్ని నడిపించారు. వేల తెలుగు పుస్తకాలు అలా బతికాయి. అవి చాలావరకు బొమ్మలుగానే ఉన్నాయి. వెతుక్కునే పాఠంగా మార్చడం ఇప్పుడు సాధ్యమవుతోంది. వ, ప, ష తారుమారవుతూ, మ కాస్తా య అవుతూ వచ్చే ఆ పాఠాన్ని చదివి దిద్దే మనుషులు మాత్రం కావాలి. ఇది తెలుగు ఎం.ఏ. పిల్లలు చెయ్యగల పని, గర్వంగా చెయ్యవలసిన పని.

శాసనాల విషయంలో మనిషీ యంత్రమూ కలిస్తే ఎంత మేలో లెక్కతో సహా తేలింది. ప్రాచీన గ్రీకు శాసనాల్లో చెరిగిపోయిన అక్షరాలను పూరించడానికి 2022లో ఇథాకా అనే యంత్రం వచ్చింది. చరిత్రకారులు తమంత తాము పూరిస్తే 25 శాతం సరిపోయింది. యంత్రం ఒక్కటే పూరిస్తే 62 శాతం. యంత్రం సూచనలు చూసి చరిత్రకారులు నిర్ణయిస్తే 72 శాతం. ఇథాకాకు చదివించడానికి గ్రీకువాళ్లకు దాదాపు ఎనభై వేల శాసనాలు అచ్చుపాఠంగా సిద్ధంగా ఉన్నాయి. మనకూ తక్కువ లేవు. శాలంకాయనుల తామ్రశాసనం ఒకటి కొల్లేటిలోనే దొరికింది. వారి రాజధాని వేంగి ఇవాళ్టి పెదవేగి. దక్షిణ భారత శాసనాల సంపుటాలు 1890 నుంచి అచ్చవుతున్నాయి. మన ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా మినిమించిలిపాడులో పుట్టిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు డిగ్రీ లేకుండానే ఆ సంపుటాలనూ, రాళ్లనూ స్వయంగా చదివి రెడ్డిరాజుల చరిత్ర రాశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు. ఆయన చదివిన శాసనాల పాఠాలన్నీ ఒకచోట యంత్రం చదవగలిగే రూపంలో చేరిననాడు, తెలుగు ఇథాకా గురించి మాట్లాడుకోవచ్చు.

రాయడం సంగతి త్వరగా ముగిస్తాను. తెలుగు మీడియంలో చదివి, పరిశోధన మాత్రం ఇంగ్లీషులో రాయవలసి వచ్చిన పిల్లలు వాక్యాలు దిద్దించుకోవడానికి యంత్రాన్ని వాడుకుంటే నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఇంగ్లీషు రాక ఎంత మంచి పని అచ్చు కాకుండా పోయిందో నాకు తెలుసు. ఏఐ రాసిందో లేదో పట్టుకుంటామనే సాఫ్ట్‌వేర్లను మాత్రం గైడులు ప్రమాణంగా తీసుకోవద్దు. ఇంగ్లీషు మాతృభాష కానివారు స్వయంగా రాసిన పరీక్షా వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాతలేనని అలాంటి సాఫ్ట్‌వేర్లు ముద్రవేసినట్టు 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. మన పిల్లలకు అంతకంటే అన్యాయం లేదు. యూజీసీ 2018 నిబంధనలు పది శాతం దాటిన పోలికను తప్పుపడతాయి. అవి కాపీని పట్టుకోవడానికి పెట్టినవి. కల్పనకు దేనితోనూ పోలిక ఉండదు కనుక ఆ జల్లెడలోంచి హాయిగా జారిపోతుంది. దాన్ని పట్టుకోవలసింది గైడు కన్నే. ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే అధ్యాయాన్ని యంత్రం చేత రాయించుకుంటే ఆ డిగ్రీకి అర్థం లేదని మాత్రం నిర్మొహమాటంగా చెబుతున్నాను. ప్రచురణ నీతి కమిటీ అయిన కోప్ 2023లోనే యంత్రాన్ని రచయితగా చూపకూడదని చెప్పింది, బాధ్యత మోయలేదు కనుక. రైతుల దగ్గర, కొల్లేటి లంక గ్రామాల వారి దగ్గర తీసుకున్న ఇంటర్వ్యూలను పేర్లతో సహా ఈ యంత్రాల్లోకి ఎక్కించవద్దు. వాళ్లు నమ్మి చెప్పింది మీకు.

మరి ఏం వాడామో ఎలా చెప్పాలి? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు దారి చూపించారు. ఆయన బృందం కనిపెట్టిన బోదకాలు మందును ఈ జిల్లాల్లో ఇంటింటికీ పంచారు, మీరందరూ మింగే ఉంటారు. అంతకు చాలా ముందే, 1925లో, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఏ ద్రావణం ఎంత, ఎంతసేపు, రంగు ఎలా పోల్చాలి అన్నీ రాసిపెట్టారు. అందుకే ప్రపంచంలో ఏ ప్రయోగశాలలో చేసినా అదే జవాబు వచ్చింది, తరాల పాటు ఆ వ్యాసాన్ని ఉదహరిస్తూ వచ్చారు. ఏఐ ఇవాళ చెప్పిన జవాబు రేపు చెప్పకపోవచ్చు. కనుక ఏ యంత్రం, ఏ వెర్షన్, ఏ తేదీ, అడిగిన ప్రశ్న యథాతథంగా, వచ్చిన జవాబులో ఎన్ని సరిచూశాం, ఎన్ని తప్పాయి, ఇవన్నీ థీసిస్ అనుబంధంలో ఉండాలి. గైడులు ఇది లేకుండా సంతకం పెట్టవద్దని మనవి.

చివరగా ఈ స్మారకనిధి కమిటీకి ఒక ప్రతిపాదన. ఏటా ఒక ఉపన్యాసంతో పాటు, నిధి వడ్డీలో కొంత భాగాన్ని రికార్డు తయారీకి కేటాయించండి. మొదట మాస్టారి వాన పుస్తకాలన్నిటినీ స్కాన్ చేయించి, యంత్రం చేత చదివించి, ఇద్దరు విద్యార్థులు విడివిడిగా సరిచూసేలా చెయ్యండి. సున్నాకూ ఖాళీకీ వేర్వేరు గుర్తులుండాలి. తరువాత మండలంలోని పామాయిల్, కొబ్బరి, కోకో తోటల నుంచి నెలనెలా ఆకుల ఫొటోలు, తేదీతో, రకంతో, తెగులును ప్రయోగశాలలో తేల్చినవారి పేరుతో. కొల్లేటి మీద పనిచేసే విద్యార్థులకు దారి ఖర్చులిచ్చి, వాళ్లు రాసుకున్న గుర్తులను డిగ్రీ అయ్యాక ఇక్కడ జమచెయ్యాలన్న షరతు పెట్టండి. ఇవన్నీ ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉంచండి. పెట్టుబడి పెద్దదేమీ కాదు: ఒక స్కానరు, ఒక హార్డ్ డిస్కు, దానికో నకలు, ఇద్దరు ముగ్గురు విద్యార్థుల సెలవులు. బడి ఆవరణలో వానమాపకం మళ్లీ పెట్టడానికి హెడ్మాస్టరుగారు చోటు చూపిస్తానన్నారు. జూన్ మొదటి వారానికి అది నిలబడితే, ఎనిమిదిన్నరకు కొలిచేందుకు తొమ్మిదో తరగతి పిల్లలు వంతులు వేసుకోవచ్చు.